గుడ్డుకి గడియారమే దిక్కు

ఈసారి గుడ్లు ఉడికించినప్పుడు ఒకదాన్ని నిలువునా కోసి చూడండి. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చో బూడిదరంగో తేలని గీత ఒకటి కనిపించినా, తెల్లసొన రబ్బరు ముక్కలా పళ్లకింద సాగినా, పచ్చసొన పొడిపొడిగా రాలి గొంతుకి అడ్డం పడినా, ఆ గుడ్డు ఎప్పుడో ఉడికిపోయిందని అర్థం. ఉడికాక కూడా ఎవరూ దాన్ని దించలేదంతే. మన ఇళ్లల్లో ఉడికిన గుడ్డంటే చాలావరకు ఇదే. అలవాటైపోయి, దాని రుచి ఇంతేలే అనుకుని, పైన ఇంత ఉప్పూ మిరియాలపొడీ చల్లుకుని, మంచినీళ్లు తాగి మింగేస్తాం.

నా వాదన చిన్నది. వంటింట్లో మిగతా అన్నిటికీ అందాజు చాలు, గుడ్డుకి మాత్రం చాలదు. దాన్ని గడియారం చూసే ఉడికించాలి.

మా అత్తగారిది ఒడిశాలోని పర్లాకిమిడి, కొండల కింది ఊరు. ఆవిడ ముందు ఈ మాట అన్నందుకు, "గుడ్డుకి గడియారమేటమ్మా, అదేమైనా పెళ్లి ముహూర్తమా?" అనేశారు. అక్కడితో ఊరుకోకుండా, గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందన్న సామెత కూడా సందర్భానికి సరిగ్గా అతికించారు. ఆవిడ ధీమాకి కారణం ఉంది. చెయ్యి తిరిగిన మనిషి. పులుసు మరిగే వాసనబట్టి చింతపండు పచ్చి పోయిందో లేదో పక్కగదిలోంచే చెప్పేస్తారు. మెతుకు రెండు వేళ్లమధ్య నొక్కి అన్నం దించుతారు. ఆవాలు చిటపటలాడితే తెలుస్తుంది, ఉల్లిపాయ ఎర్రబడితే తెలుస్తుంది, వంకాయ ముక్క గరిటెకి తగిలిన తీరునిబట్టి తెలుస్తుంది. కంటికో ముక్కుకో చేతికో ఏదో ఒక కబురు అందుతూనే ఉంటుంది. ఆ కబురు పోల్చుకోవడమే అందాజు.

పెంకులో ఉన్న గుడ్డు ఏ కబురూ పంపదు. పచ్చిగా ఉన్నా, ఉడికినా, ఉడికి పాడైనా పైకి అదే పెంకు. వాసన రాదు, రంగు మారదు, గరిటెతో నొక్కి చూడటానికి లేదు. ఎన్ని పెళ్లిళ్లకి వండినావిడకైనా, నిన్నగాక మొన్న పొయ్యి ముట్టించిన పిల్లకైనా గుడ్డు దగ్గర తెలిసేది సమానం, అంటే సున్నా. ఏమీ తెలియనప్పుడు మనం చేసే పని ఒకటుంది: ఎందుకైనా మంచిదని ఇంకాసేపు ఉంచుతాం. ఆ ఇంకాసేపే గుడ్డుని చెడగొట్టేది.

ఇంకాసేపు ఉంచడం గిన్నెతో పోతే సగం బాధ. మా వైపు అది కుక్కర్ దాకా వెళ్లింది. మేముండేది సిమిలిగుడలో, ఒడిశాలోని కొరాపుట్ జిల్లా కొండల మీద, సముద్రమట్టానికి ఇంచుమించు 900 మీటర్ల ఎత్తులో. సాలూరు దగ్గర ఘాట్ ఎక్కి సుంకి, పొట్టంగి దాటి వచ్చే చుట్టాలకి చల్లగాలి తగిలి ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ నీళ్లు వంద డిగ్రీలు చేరకుండానే మరిగిపోతాయన్న సంగతి మాత్రం ఎవరూ గమనించరు. ఎత్తు 300 మీటర్లు పెరిగితే మరిగే వేడి దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. మా గిన్నెలో నీళ్లు 97 దగ్గరే కుతకుతలాడతాయి. డిసెంబరులో దేవమాలి ఎక్కి, ఆ 1,672 మీటర్ల శిఖరం మీద పొయ్యి పెట్టే కుర్రాళ్ల గిన్నెలో అయితే 95 కూడా దాటదు.

కందిపప్పుకి ఈ మూడు డిగ్రీలు పెద్ద లోటు. మామూలు గిన్నెలో పెడితే గ్యాసు అయిపోతుందేమో గానీ పప్పు మెత్తబడదు. అందుకే ఈ కొండల మీద కుక్కర్ లేని కొంప ఉండదు. పప్పు కోసం కొన్న కుక్కర్లోకి బంగాళాదుంపలు చేరాయి, దుంపల వెనకే గుడ్లు చేరాయి. ఒడియా ఇళ్లల్లోనూ అంతే. దుంపా గుడ్డూ కలిపి వండే అండా తొరకారి అందరికీ ఇష్టం కాబట్టి, రెండూ ఒకే కుక్కర్లో పడి మూడు విజిల్స్‌కి ఉడికిపోతాయి. ఒక పొయ్యి, ఒక పని.

దుంపకి కావలసిన వేడి గుడ్డుకి అక్కర్లేదు. తెల్లసొన 62 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలుపెడుతుంది. అందులోని ప్రోటీన్లో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ 80 దగ్గర బిగుస్తుంది. పచ్చసొన 65కి చిక్కబడి, 70 దాటేసరికి నిలబడుతుంది. అంటే లోపలిదాకా 80 చేరనిస్తే గట్టి గుడ్డు తయారైపోయినట్టే. మా చప్పటి 97 డిగ్రీల నీళ్లు కూడా దానికి ఎక్కువే. కుక్కర్లో విజిల్ వేసే సమయానికి 120 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. పప్పు దగ్గర మనల్ని గట్టెక్కించిన వేడే గుడ్డుని బిగదీసి, అందులోని తేమ బయటికి నెట్టేస్తుంది. కొండ మీద ఉన్నాం కదా, గుడ్డు కూడా పప్పులాగే ఉడకదేమో అనే భయానికి ఆధారం లేదు.

ఆ ఆకుపచ్చ గీత సంగతి. తెల్లసొనలో గంధకం ఉన్న ప్రోటీన్లు ఉంటాయి. ఎక్కువసేపు వేడెక్కితే వాటిలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుడుతుంది. ఎక్కువ ఉడికిన గుడ్డు ఒలిచినప్పుడు గుప్పుమనే కంపు దానిదే. అది లోపలికి జరిగి, పచ్చసొనలోని ఇనుముతో కలిసి, రెండూ కలుసుకునే అంచు మీద ఫెర్రస్ సల్ఫైడ్ గీతగా మిగులుతుంది. తింటే ఏమీ కాదు. గుడ్డు పాతదనో, కల్తీదనో, ప్లాస్టిక్ గుడ్డనో కొట్టువాడి మీదకి వెళ్లనక్కర్లేదు. ఆ గీత మన పొయ్యి దగ్గర పుట్టిందే.

కుక్కర్ పక్షాన న్యాయంగా చెప్పుకోవలసిన మాట ఒకటుంది. కుక్కర్లో ఉడికిన గుడ్డు పెంకు చకచకా వచ్చేస్తుంది. చల్లటి నీళ్లలో గుడ్లు వేసి, పొయ్యి మీద పెట్టి, మెల్లగా వేడెక్కించిన గుడ్డు అలా రాదు, సగం తెల్లసొన పెంకుతోనే ఊడిపోతుంది. చాలామంది ఇల్లాళ్లు కుక్కర్ని వదలకపోవడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం, టైము ఆదా పైకి చెప్పే మాట. కానీ పెంకు బాగా రావడం ఒత్తిడి గొప్పతనం కాదు. గుడ్డుకి ఒక్కసారిగా వేడి తగిలితే, తెల్లసొన పైభాగం పెంకు లోపలి పొరకి అంటుకునేలోపే గడ్డకట్టేస్తుంది. నెమ్మదిగా వేడెక్కితే ఆ పొరతో కలిసిపోయి గడ్డకడుతుంది. కావలసింది మొదటి నిమిషంలోనే తగిలే వేడి. అది మరుగుతున్న నీళ్లూ ఇస్తాయి, ఆవిరీ ఇస్తుంది.

ఆవిరి అనగానే మనకి ఇడ్లీ పాత్ర ఉండనే ఉంది. గుడ్డు ఉడికించడానికి దాన్ని మించిన సామాను నాకు కనపడలేదు. అడుగున రెండు గ్లాసుల నీళ్లు చాలు కాబట్టి తొందరగా మరుగుతాయి, గ్యాసు కలిసొస్తుంది. నీళ్లు తెర్లే గిన్నెలో గుడ్లు ఒకదాన్నొకటి గుద్దుకుని పగులుతాయి, ఇక్కడ ఏ గుంటలో పెట్టింది ఆ గుంటలోనే కదలకుండా కూర్చుంటుంది. మూత వదులుగా ఉంటుంది గనక ఒత్తిడి పెరగదు, ఆవిరి వేడి నీటి వేడిని దాటదు.

గుడ్లు ముందుగా ఫ్రిజ్‌లోంచి తీసి కుళాయి నీళ్లలో ఒక పది నిమిషాలు ఉంచుతాను. చల్లటి గుడ్డు ఆవిరిలో పడితే చిట్లుతుంది, అదీగాక పెట్టిన లెక్క కూడా తప్పుతుంది. పాత్రలోంచి ఆవిరి జోరుగా తన్నుకొచ్చాక గుడ్లు పెట్టిన ఇడ్లీ పళ్లెం లోపలికి దించి, మూతపెట్టి, అప్పుడు ఫోనులో టైమర్ నొక్కుతాను. పొయ్యి వెలిగించినప్పటినుంచి లెక్కపెట్టడం శుద్ధ దండగ. నీళ్లు ఎన్ని పోశారు, మంట ఎంత, గిన్నె మందమెంత అన్నదానిబట్టి అది రోజుకో రకంగా ఉంటుంది. కొట్టు గుడ్డు, అంటే 50, 55 గ్రాములది, పర్లాకిమిడిలో ఆవిరి మీద 11 నిమిషాలకి గట్టిపడుతుంది. సిమిలిగుడలో ఇంకో నిమిషం కలపాలి. మరిగే నీళ్లలో వేస్తే కింద 10, ఇక్కడ 11. నాటుకోడి గుడ్డు 40 గ్రాములే ఉంటుంది కాబట్టి రెండు నిమిషాలు తగ్గించాలి. పచ్చసొన నడిమధ్య కొంచెం ముదురు రంగులో, తడిగా మెరుస్తూ ఉంటే ఇష్టమనేవాళ్లు మరో నిమిషం ముందు తీసేసుకోవచ్చు. నాకు అదే ఇష్టం, మా ఇంట్లో మిగతావాళ్లు దాన్ని పచ్చి గుడ్డంటారు.

టైమర్ మోగాక పొయ్యి కట్టేసి సీరియల్ చూడ్డానికి వెళ్లిపోతే ఈ లెక్కంతా గంగలో కలిసినట్టే. మంట ఆరినా గుడ్డులో వేడి ఆరదు, లోపలికి నడుస్తూనే ఉంటుంది. వెంటనే చల్లటి నీళ్లలో వెయ్యాలి. మా ఊళ్లో చలికాలం పొద్దున్న కుళాయి తిప్పితే వేళ్లు కొంకర్లు పోతాయి, ఐసు అక్కర్లేదు. అదే మే నెలలో పర్లాకిమిడి అయితే మేడ మీద ట్యాంకు నీళ్లు చెయ్యి పెడితే చుర్రుమంటాయి. ఆ నీళ్లలో గుడ్డు చల్లబడేది లేదు, ఇంకాస్త ఉడుకుతుంది. అక్కడ కుండలో నీళ్లు పొయ్యాలి, వెచ్చబడగానే ఆ నీళ్లు పారబోసి మళ్లీ పొయ్యాలి. తాగే నీళ్లు గుడ్ల పాలు చేస్తోందని నా మీద ఒక ఫిర్యాదు ఉంది. నిజమే, చేస్తున్నాను.

పెంకు ఒలవడంలో ఎక్కువ పేరు మోసింది ఉప్పు. నీళ్లలో ఉప్పు వేస్తే పెంకు సులువుగా వస్తుందని మా అమ్మ నుంచి వాట్సాప్ దాకా అందరూ చెప్పారు. రాదు. లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు మరిగే వేడిని పెంచేది డిగ్రీలో పదోవంతు, పెంకు మీద దాని ప్రభావం అంతకన్నా తక్కువ. ఉప్పుకి ఒక్క ఉపయోగం ఉంది: గుడ్డు చిట్లితే బయటికొచ్చే తెల్లసొనని అక్కడికక్కడే గడ్డకట్టించి, నీళ్లంతా తెల్లటి తీగలు కాకుండా ఆపుతుంది. నిమ్మరసమూ అదే పని చేస్తుంది.

పెంకు రావడం, రాకపోవడం వేడి తర్వాత గుడ్డు వయసునిబట్టి ఉంటుంది. కోడి పెట్టిన వెంటనే తెల్లసొనలో బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా ఉంటుంది, దానివల్ల ఆ సొన లోపలి పొరని గట్టిగా పట్టుకుంటుంది. పెంకుకి కంటికి కనపడని రంధ్రాలు వేల కొద్దీ ఉంటాయి. వాటిగుండా రోజురోజుకీ ఆ వాయువు పోతుంది, తెల్లసొన పీహెచ్, అంటే క్షారగుణం చెప్పే కొలత, ఎనిమిది లోపు నుంచి తొమ్మిది దాటుతుంది, పట్టు వదులుతుంది. మా కొట్లకి గుడ్లు ఎక్కువగా ఆంధ్రా నుంచి ఘాట్ ఎక్కి వచ్చేవే. ఫారం నుంచి లారీకి, లారీ నుంచి హోల్‌సేల్ కొట్టుకి, అక్కడినుంచి సందు చివరి కొట్టుకి చేరేసరికి వాటికి కావలసిన వయసు వచ్చేసే ఉంటుంది. గుడ్డు తాజాగా లేదని సణిగేవాళ్లు ఆమ్లెట్‌కైతే సణగొచ్చు. ఉడకబెట్టడానికి వారం నాటి గుడ్డే మేలు.

నాటు గుడ్లతోనే చిక్కు. కుందులి సంతలో గంప ముందు పెట్టుకుని కూర్చునే ఆడవాళ్ల దగ్గర నేను తెచ్చుకునే గుడ్లు రెండు రకాలు. కొన్ని నిన్నటివి, పెంకు చస్తే రాదు. కొన్ని కోడి కింద కొన్నాళ్లు ఉండి వచ్చినవి, వాటి సంగతి పగలగొట్టాకే తెలుస్తుంది, ఆ రోజు ఇక అన్నం సహించదు. అందుకే చీకటి గదిలో ఫోను లైటు వేసి, గుడ్డు లావు వైపు ఆనించి చూస్తాను. లోపల అంతా సమంగా వెలిగితే మంచిది. ఎర్రటి నరాల్లా గీతలో, నల్లటి మచ్చో కనపడితే పక్కన పెట్టెయ్యాలి. పేడా మట్టీ అంటిన గుడ్లు తేగానే కడిగి దాచకూడదు, పెంకు మీది సన్నటి రక్షణ పూత పోతుంది. ఉడికించే ముందు కడిగితే చాలు.

ఒలిచేటప్పుడు చూడవలసింది కూడా ఆ లావు వైపే. అక్కడ లోపల గాలి గది ఉంటుంది, పొరకీ సొనకీ మధ్య కాస్త ఎడం. ఆ వైపు గట్టు మీద ఒకసారి తట్టి, అరచేతి కింద పెట్టి ఒక్క చుట్టు దొర్లిస్తే పెంకంతా బీటలిస్తుంది. తర్వాత నీళ్ల గిన్నెలో ముంచి, బొటనవేలు గోరు పెంకు కింద కాకుండా పొర కింద దూర్చాలి. పొర దొరికితే పెంకు దానితోపాటే చుట్టు తిరిగి వచ్చేస్తుంది, సందుల్లోకి నీళ్లు దూరి మిగతా పని చేస్తాయి. బస్టాండు దగ్గర గుడ్ల బండివాళ్ల చేతులు గమనించండి. మాటల్లో ఉండగానే ఒలిచి, నాలుగు ముక్కలు చేసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నల్లుప్పు చల్లి చేతిలో పెడతారు. ఒలిచేది చూడను కూడా చూడరు, వేలికి పొర తెలిసిపోతుంది.

ఇంతా విన్నాక ఎవరో ఒకరు బర్డ్ ఫ్లూ మాట ఎత్తుతారు. కోళ్లకి జబ్బని పేపర్లో పడిన వారం మా వీధిలో గుడ్లు అరగంటసేపు ఉడుకుతాయి. భయం అర్థమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అన్ని భాగాలూ 70 డిగ్రీలు చేరాలని. పచ్చసొన గట్టిపడిందంటే ఆ 70 దాటిందన్నమాటే. పన్నెండో నిమిషం తర్వాత పెట్టే మంటతో గుడ్డుకి భద్రత పెరగదు, కంపు పెరుగుతుంది. అదే మనిషి, ఒలిచిన గుడ్లు ఎండాకాలం పొద్దున్నుంచి సాయంత్రం దాకా గట్టు మీద వదిలేస్తారు. అసలు ప్రమాదం అక్కడుంది. పెంకుతో ఉన్న ఉడికిన గుడ్డు ఫ్రిజ్‌లో వారం ఉంటుంది, ఒలిచింది ఆ పూటే తినెయ్యాలి. రైల్లోకి కట్టుకెళ్లేవాళ్లు కూడా ఒలవకుండా పట్టుకెళ్లడం మంచిది, ఎదుటి సీటువాళ్లు కూడా సంతోషిస్తారు. మిగిలిన గుడ్డుని మాత్రం మైక్రోవేవ్‌లో వేడి చెయ్యకండి, లోపల ఆవిరి చిక్కుకుని పేలుతుంది.

పులుసులో వేసే గుడ్డు లెక్క వేరు. అది తర్వాత మళ్లీ ఉడకబోతోంది గనక నేను మూడు నిమిషాలు ముందే తీసేస్తాను. గాట్లు పెట్టడం దగ్గర మా అత్తగారికీ నాకూ ఇంకా తెగలేదు. గాటు పెడితే పులుసు లోపలికి పడుతుందని ఆవిడ అంటారు. చల్లారిన గుడ్డు కోసి చూస్తే, గాటు అంచున రంగు పట్టి ఉంటుంది తప్ప తెల్లసొనలోకి పులుపు దిగదు. నూనెలో పసుపూ కారంతో వేయించేటప్పుడు పేలకుండా ఉండటానికి గాటు పనికొస్తుంది, అంతవరకు ఒప్పుకుంటాను. రుచి పట్టించేది ఆ వేపుడే. ఎర్రబడి బొబ్బలెక్కిన పైపొర మీద పులుసు నిలుస్తుంది, నున్నటి గుడ్డు మీదినుంచి జారిపోతుంది. ఆవిడ నాలుగు గాట్లు పెడతారు, నేను రెండు పెడతాను. ఇప్పటికి ఒప్పందం అంతే.

ఇడ్లీ పాత్ర విషయంలో మాత్రం ఆవిడ మాటే నెగ్గింది. మా వీధిలో సగం ఒడియా ఇళ్లు. వాళ్ల కార్తీకం కుమార పున్నమి, అంటే ఆశ్వయుజ పున్నమి, మర్నాడు మొదలై కార్తీక పున్నమితో అయిపోతుంది. మనది దీపావళి మర్నాడు మొదలై అమావాస్య దాకా సాగుతుంది. పున్నమి మర్నాడు వాళ్లకి ఛాడఖాయి. నెలరోజుల నోరు కట్టు విప్పి మాంసం, చేప, గుడ్డు, ఏది ఉంటే అది వండుకుంటారు. మనకేమో ఇంకా పదిహేను రోజులు మిగిలే ఉంటాయి. ఆ రోజు పొద్దున్నే పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) వచ్చి, ముప్ఫై గుడ్ల ట్రే తెచ్చుకున్నాను, నీ ఇడ్లీ పాత్ర ఇస్తావా అని అడిగింది. ఇచ్చాను. అది తిరిగి వచ్చేసరికి మా అత్తగారు మా ఇంట్లోనే ఉన్నారు. "కార్తీకంలో గుడ్లు ఉడికిన పాత్రలో నాగుల చవితి చేసిన చేతుల్తో ఇడ్లీ పెట్టమంటావేటి?" అన్నారు. దానికి నా దగ్గర డిగ్రీల లెక్క ఏదీ లేదు. మర్నాడే బజారుకెళ్లి కొత్త ఇడ్లీ పాత్ర కొన్నాం. పాతది గుడ్లకి వదిలేశాం, అటక మీద వేరేగా ఉంటుంది. మావుసికి ఇచ్చేది అదే. పళ్లెం అంచున గోరుతో 12 అని గీసి ఇస్తాను, ఫోను టైమర్ ఆవిడ మనవడు పెడతాడు.